తోసినవాడిదే పడవ

ఆయన పోయిన సంగతి నాకు చేపల బజారులో తెలిసింది. సూరచేప ముక్కలు కొట్టిస్తుంటే, కత్తిపీట ముందు కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే అన్నాడు.

"మీ బోట్ల సెంటర్లో పన్జేసినాడు కదా మేడమ్, ఆ పెద్దాయన పోనాడు. నాలుగు దినాలయిపోనాది. తెల్దేటి?"

తెలీదన్నాను. ముక్కలు ఇంకొంచెం సన్నగా కొట్టమన్నాను. ఇంటికొచ్చి కూర వండుకుని తిని, గిన్నెలు కూడా తోముకున్నాను. ఆ తర్వాత కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేవడం చేతకాలేదు.

పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు మామూలుగా వాళ్ళతో తమకున్న చనువు గురించి రాస్తారు. నాకు ఆ హక్కు లేదు. ఆయన పేరు కూడా రాయను. పేరు రాసి నాలుగు మంచి మాటలు అంటే, అక్కడితో సరిపోయిందని నా మనసు చేతులు దులుపుకుంటుంది. దాని సంగతి నాకు తెలుసు, అది ఎప్పుడూ అలాంటి సందు కోసమే చూస్తుంటుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో మా సెంటర్ అంటే పెద్ద హంగేమీ లేదు. ఒక రేకుల షెడ్డు, నీళ్ళలోకి దిగే సిమెంటు వాలు, రెండు చిన్న తెరచాప పడవలు. ఆ పడవలు చేపల వేటకు పనికిరావు, పందేలకూ పనికిరావు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, పిల్లాపాపలతో ఆదివారం సరదాగా వచ్చే కుటుంబాల కోసం చేసినవి. పదకొండడుగుల పొడవు, బాగా వెడల్పాటి పొట్ట, ఎర్ర తెరచాప. నలుగురు కూర్చోవచ్చు. అందరూ ఒక పక్కకే ఒరిగినా తొందరగా తిరగబడదు. అలలు లేని చోట దాన్ని ముంచాలంటే పనిగట్టుకుని ముంచాలి.

"ఇది పడవేటి, పీట," అనేవాడాయన. "పెళ్ళిపీట. కూకోడం వొస్తే సాలు."

పొట్టి మనిషి. తలకు తువ్వాలు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన లుంగీ. కుడిచెవి మీద ఎప్పుడూ ఒక వెలిగించని చుట్ట ఉండేది. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి చేపల పని మీద దీవులకు వచ్చినవాళ్ళలో ఆయనొకడు. నాలుగు దుంగలు కట్టిన తెప్ప మీద నిలబడి ఆ తీరంలోని అలలు దాటినవాడు. మా ఆఫీసు కాగితాల్లో మాత్రం హెల్పర్. పడవలు కడగడం, నీళ్ళలోకి తోయడం, తిరిగొస్తే లాగడం ఆయన పని.

నేను అదే సెంటర్లో ఇన్‌స్ట్రక్టర్ని. మా తాతదీ అదే తీరం, ఆయనా వల లాగినవాడే. కానీ మా నాన్న గుమాస్తా అయ్యాడు, మాకు డెలానీపూర్‌లో సర్కారు క్వార్టరు వచ్చింది, ఇంట్లోంచి వల వాసన పోయింది. కాలేజీలో ఎన్‌సీసీ నేవీ వింగులో తెరచాప పట్టడం నేర్చుకుని, మెయిన్‌లాండ్ వెళ్ళి కోర్సు చేసి సర్టిఫికెట్టుతో తిరిగొచ్చాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. సెంటర్లో నేను తప్ప ఆడమనిషి లేదు. ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి షెడ్డులో మేకుకు తగిలించాను. ఉప్పుగాలికి అది ఆరు నెలల్లోనే పచ్చబడింది.

"ఆయన మీ తాత ఊరోడే. నీకు వరసకి చిన్నాన్న అవుతాడు. అలాగే పిలువు," అంది మా నాయనమ్మ. నేను అందరు హెల్పర్లనూ పిలిచినట్టే ఆయన్నీ "భయ్యా" అన్నాను. ఆయన తెలుగులో అడిగేవాడు, నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని. షెడ్డులో మిగిలినవాళ్ళకు అర్థం కావాలి కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అసలు సంగతి అది కాదు. ఆ యాసలో మాట్లాడితే నేను ఎవరి మనవరాలినో అక్కడ అందరికీ తెలిసిపోతుందని భయం.

నేను మొదటిరోజు పడవ ఎక్కబోతుంటే ఆయన ఆపాడు.

"ఆగు గుంటా. మాకాడ ఆడకూతురు తెప్పెక్కదు."

నా ముఖం మాడిపోయింది. పక్కనున్న కోచ్‌లు నవ్వు ఆపుకోవడం కనిపిస్తోంది. ఆయన మాత్రం తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, దోసిలితో సముద్రపు నీళ్ళు తెచ్చి పడవ ముక్కు మీద మూడుసార్లు పోశాడు. తరువాత నీళ్ళ వైపు తిరిగి, ఇంట్లో పెద్దవాళ్ళకు చుట్టాన్ని చూపించినట్టు, "గంగమ్మ తల్లీ, ఈ గుంట మనదే. గేపకం ఎట్టుకో," అన్నాడు. అన్నాక నన్ను ఎక్కించి తోశాడు. నేను నీళ్ళ మీద ఉన్నంతసేపూ పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. ఒక మనిషి తన తాతల కట్టుబాటును నాకోసం పక్కకు జరిపి, పైగా పూచీ పడ్డాడని నాకు అప్పుడు తట్టలేదు. నలుగురిలో నన్ను చిన్నపిల్లను అన్నట్టు "గుంట" అన్నాడనే నా బాధ.

పడవ తోయడంలో ఆయనకొక పద్ధతి ఉంది. వెనక చేరి మోకాలు ఆనించి, రెండు చేతులతో ఒక్క తోపు. పడవ కదిలాక ఒడ్డుకు రాడు, తొడల్లోతు నీళ్ళలో అలాగే నిలబడతాడు. ముప్పావుగంట అయినా, గంట అయినా కూర్చోడు, నీళ్ళు తాగడు, చుట్ట వెలిగించడు. పడవ తిరిగొచ్చి ముక్కు ఆయన చేతికి తగిలాకే ఒడ్డెక్కి, చెవి మీది చుట్ట తీసి వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేవాడు. అడ్డపొగ. ఆఫీసర్ల పిల్లలు పడవ షికారు మరిచిపోయి అది చూడ్డానికి చుట్టూ చేరేవాళ్ళు. "నోరు కాలదా అంకుల్?" అని హిందీలో అడిగితే, నోరు తెరిచి నిప్పు చూపించి మళ్ళీ మూసేసేవాడు.

ఎందుకలా నిలబడతావని ఒకసారి ఎవరో అడిగారు. ఆయన చెప్పిన జవాబు ఇంట్లో మా నాయనమ్మ నోట కూడా విన్నాను. అక్కడి రేవుల్లో అది అందరికీ తెలిసిన మాటే.

"తోసినోడిదే పడవ. నడిపినోడిది కాదు. అది ఒడ్డుకొచ్చీవరకూ దాని మంచీ సెడ్డా తోసినోడిదే."

ఇప్పుడు బిరడా సంగతి చెప్పాలి. ఈ పడవలకు వెనక అడుగున బొటనవేలు పట్టేంత చిల్లు ఉంటుంది. ఒడ్డుకు లాగాక లోపల చేరిన నీళ్ళు పోవడానికి. నీళ్ళలోకి తోసేముందు దానికి నల్ల రబ్బరు బిరడా బిగించాలి. బడిపిల్లలకు చెప్పే మొదటి పాఠం అది. తెప్ప మీద పెరిగిన ఆయనకు మాత్రం మొదట్లో ఆ చిల్లంటే మహా ఎగతాళి. "నీళ్ళు రానివ్వకుండా పడవ సేత్తారు, మళ్ళీ దానికో బొక్కెడతారు. ఇదేం సదువో," అనేవాడు. ఎగతాళి చేసినా నమ్మకం లేక, రెండు పడవల బిరడాలకూ నైలాను పురి కట్టి తన మొలతాడుకే కట్టుకున్నాడు. పడవ తోసే క్షణంలో విప్పి, చిల్లులో పెట్టి, పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, మళ్ళీ చేత్తో తడిమి అప్పుడు తోసేవాడు. అందువల్ల ఆయన లేకుండా ఏ పడవా నీళ్ళలోకి దిగేది కాదు.

నాకది నామర్దాగా ఉండేది. పెద్ద ఆఫీసర్ల భార్యలు, పిల్లలు లైఫ్ జాకెట్లు వేసుకుని నిలబడి ఉంటారు. ఇన్‌స్ట్రక్టరైన నేను చుక్కాని పట్టుకుని ఎదురుచూస్తుంటాను. ఈయన తీరిగ్గా లుంగీ సడలించి మొలతాడు వెతుక్కుంటాడు. ఒకరోజు ఒకావిడ ముఖం తిప్పుకుని నవ్వింది. ఆ మర్నాడే చెప్పేశాను, ఇకనుంచి బిరడాలు నా దగ్గర ఉంటాయి, నేనే బిగిస్తాను అని.

"ఠీక్ హై," అన్నాడు. పురితో సహా విప్పి నా చేతిలో పెట్టాడు. అవి ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉన్నాయి. నేను చెయ్యి తుడుచుకున్నాను.

అప్పటినుంచి తోసేముందు ప్రతిసారీ అడిగేవాడు. "బిరడా ఎట్టినావేటి?" ప్రతిసారీ నేను, "లగా దియా," అనేదాన్ని, పెట్టేశానని. మొదట్లో నా మాట విన్నాక కూడా చెయ్యి పెట్టి తడమబోయేవాడు. రెండోసారో మూడోసారో, "మేరే పే భరోసా నహీ హై క్యా?" అని అందరి ముందూ కసిరాను, నా మీద నమ్మకం లేదా అని. ఆ తరువాత తడమడం మానేశాడు. అడగడం మాత్రం మానలేదు.

ఆ ఆదివారం వచ్చింది ఒక ఆఫీసరు గారి కుటుంబం. ఆ ఆఫీసరు ఒడ్డున కెమెరాతో నిలబడ్డాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు పడవలో నాతో. చిన్నదానికి అయిదేళ్ళుంటాయి. దాని లైఫ్ జాకెట్టు తాళ్ళు ముడి పడక నేను మోకాళ్ళ మీద కూర్చుని అవస్థ పడుతున్నాను. వాళ్ళ నాన్న ఫొటో కోసం ఇటు చూడు, అటు చూడు అంటున్నాడు. వెనకనుంచి మామూలు మాట వినిపించింది.

"బిరడా ఎట్టినావేటి?"

"లగా దియా, లగా దియా," అన్నాను తల తిప్పకుండా.

ఆయన తోశాడు.

గాలి బాగుంది. పిల్లలు పాటలు పాడుతున్నారు. కొంతదూరం పోయాక కాళ్ళ దగ్గర చెమ్మ కనిపించింది. అలల తుంపర అనుకున్నాను. అది చీలమండల దాకా వచ్చాక డబ్బాతో తోడ్డం మొదలుపెట్టాను. ఎంత తోడినా తగ్గదు. బడిపిల్లలకు మొదటి పాఠంగా చెప్పేది నాకే గుర్తు రాలేదు. పీటలాంటి పడవే, కానీ కడుపులోకి నీళ్ళు చేరితే ఏ పడవకైనా నిలకడ పోతుంది. ఒక చిన్న గాలి విసురుకు నీళ్ళన్నీ ఒక వైపుకు పరిగెత్తాయి, పిల్లలు భయపడి లేచి నిలబడ్డారు, తెరచాప నీళ్ళ మీద పరుచుకుంది.

అందరికీ జాకెట్లు ఉన్నాయి కాబట్టి తేలారు. ఆ తల్లి మాత్రం తెరచాప కిందకు వెళ్ళిపోయి, పైకి వచ్చేసరికి చాలా నీళ్ళు మింగింది. నేను చిన్నదాన్ని పట్టుకుని అరుస్తున్నాను. ఏమని అరిచానో తెలీదు. తరువాత ఆయనే చెప్పాడు, తెలుగులో అరిచావని.

నీళ్ళలో నిలబడి చూస్తున్నవాడు కాబట్టి, తెరచాప ఒరగకముందే పడవ బరువెక్కడం ఆయన కనిపెట్టాడు. పక్కన లంగరేసిన ఇంజను నాటుపడవ, డుంగీ అంటాం, దానివాణ్ణి కేకేసి లేపి, మేం పడిన కాసేపటికే మా దగ్గరున్నాడు. ముందు పెద్దపిల్ల, తరువాత తల్లి, ఆ తరువాత నా చేతిలోని పిల్ల, ఆఖరున నేను. అందరం డుంగీలోకి ఎక్కాక ఆయన పడవ వెనక్కు ఈది, నీళ్ళలో మునిగి, లేచి, తల తువ్వాలు విప్పి మళ్ళీ మునిగాడు. చిల్లులో తువ్వాలు కుక్కాడు. పైకి వచ్చినప్పుడు నా వైపు చూశాడు.

ఆ తల్లి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికి బాగానే ఇంటికి వెళ్ళింది. పిల్లలకు జ్వరం కూడా రాలేదు.

ఇంట్లో తడిబట్టలు మారుస్తుంటే నా ట్రాక్ ప్యాంటు జేబులోంచి బిరడా కింద పడింది. దాని పురికి ఆయన వేసిన ముడి అలాగే ఉంది. రేపు చెప్పేస్తాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పొద్దున విచారణకు బయల్దేరినప్పుడు బిరడా చేతిసంచిలో ఉంది. గోల్ ఘర్ దగ్గర బస్సు దిగి, నడుస్తూ నడుస్తూ దాన్ని మురుక్కాలవలో పడేశాను. చెప్పదలుచుకున్నదాన్ని ఎందుకు పడేస్తాను? అది నీళ్ళలో పడ్డ చప్పుడుకే నాకు నా సంగతి తెలిసిపోయింది.

ఆఫీసులో పెద్దసారు, ఇంకో ఇద్దరు కుర్చీల్లో ఉన్నారు. నాకూ ఒక కుర్చీ వేశారు. ఆయన నిలబడ్డాడు.

పడవకు ధక్కా ఎవరు కొట్టారని సారు హిందీలో అడిగాడు.

"మైనే దియా, సాబ్."

ప్లగ్గు చూసుకోవాల్సింది ఎవరని అడిగాడు. నేను నేలకేసి చూస్తున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"జో ధక్కా దియా, బోట్ ఉసీకా హై, సాబ్. వో బోట్ మేరా థా." తోసింది నేను, తోసినవాడిదే పడవ, అది నా పడవ.

సారు రాసుకున్నాడు, హెల్పరు తన నిర్లక్ష్యం ఒప్పుకున్నాడని. ఆ గదిలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళం ఇద్దరమే. అది నేరం ఒప్పుకోవడం కాదు సార్, మా రేవుల్లో అదొక కట్టుబాటు అని ఒక్క ముక్క చెబితే చాలు. చెబితే రెండు సంగతులు బయటపడేవి. ఒకటి, నేనూ ఆ రేవుల మనిషినని. రెండోది, ఆ వెంటనే వచ్చే ప్రశ్న, మరి బిరడా ఎవరి దగ్గరుంది అని. ఆడపిల్లకు పడవలెందుకని మొదటినుంచీ అంటున్నవాళ్ళు బయట వరండాలోనే ఉన్నారు. ఆ సాకు నాకు చాలా ఏళ్ళు అక్కరకొచ్చింది. సాకే అని అప్పుడూ తెలుసు.

ఆయన వేలిముద్ర వేశాడు. సాక్షి సంతకం నాది.

వరండాలోకి వచ్చాక, వెనక సార్లు వింటున్నారని చూసుకుని, "దేఖ్‌నా చాహియే థా నా, భయ్యా," అన్నాను. చూసుకోవాలి కదా అని. నేనే అన్నాను.

"అవునమ్మా," అన్నాడు. "సేత్తో తడిమి సూడాల్సింది."

ఉద్యోగం తీసెయ్యలేదు. డెలానీపూర్‌లోని ఆఫీసుకు పంపారు, మొక్కలకు నీళ్ళు పోయడానికి, ఫైళ్ళు మొయ్యడానికి. సముద్రం కనిపించని ఆఫీసు. పదవీ విరమణ దాకా అక్కడే. నెలకోసారి నేను కాగితాల పనిమీద వెళ్ళేదాన్ని. క్రోటన్ మొక్కల మధ్య బకెట్టు పట్టుకుని కనిపించేవాడు. చెవి మీద చుట్ట ఉండేది కాదు. నన్ను చూడగానే బకెట్టు కింద పెట్టి, ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు.

"గాలెలాగుంది ఇవాళ?"

"బాగుంది," అనేదాన్ని హిందీలోనే. "కొంచెం ఎక్కువుంది," అనేదాన్ని. ఆయన అక్కడ నిలబడే తల ఎత్తి చెట్ల కొసలు చూసి, పడమటిదా, తూరుపుదా తనే చెప్పుకునేవాడు. మాట్లాడుతూ కుడి మోకాలు రాసుకుంటూ ఉండేవాడు. వాతం నొప్పులేమో అనుకున్నాను. నా మీద కోపం లేదని, తప్పు తన మీద వేసుకుని నన్ను కాపాడాడని, అంత పెద్ద మనసని అనుకున్నాను. ఆ అనుకోవడంలో నాకు హాయి ఉండేది. ఒకరు త్యాగం చేశారని నమ్మితే, దొంగతనం చేశామన్న బాధ చాలా తగ్గిపోతుంది.

కొన్నేళ్ళకు మా సెంటర్‌కు కొత్త పడవలు వచ్చాయి. అలాంటివే, కుటుంబాల పడవలు, ఈసారి నాలుగు. అప్పటికి నేను ఇన్‌ఛార్జిని. మొదటి పడవ ఆయన చేత్తో తోయిస్తే బాగుంటుందని నాకో బుద్ధి పుట్టింది. అలా చేస్తే నా గుండెల మీద బరువు తగ్గుతుందని తప్ప ఆయన సంతోషం కోసమేమీ కాదు. స్కూటరు మీద డెలానీపూర్ వెళ్ళి పిలిచాను. ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది. కొత్త పడవల రంగేమిటి, అడుగు భాగం ఎలా ఉంది, పొట్ట అంతే వెడల్పా, అన్నీ అడిగాడు. అడిగి అడిగి, చివరికి రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు.

"నాను రాలేనమ్మా. నా సెయ్యి మంచిది కాదు. మరొకల సేత తోయించు."

నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళకు దెప్పుతున్నాడు, ఇదీ అసలు మనిషి అనుకున్నాను.

"ఇంకా మనసులో పెట్టుకునే ఉన్నారన్నమాట," అన్నాను. కోపంలో తెలుగు వచ్చింది, మర్యాద కూడా వచ్చింది.

"ఏటి?" అన్నాడు అర్థం కానట్టు చూస్తూ.

నేను స్కూటరు తిప్పుకుని వచ్చేశాను. ఆ తరువాత కాగితాలు ప్యూను చేత పంపేదాన్ని. ఆయన రిటైరయ్యాడని కూడా ఎవరో చెబితేనే తెలిసింది. బతు బస్తీలో ఆయన ఇల్లు మా ఇంటికి రెండు బస్సు స్టాపుల దూరం. ఇన్నేళ్ళలో ఒక్కసారి దిగలేదు.

పోయాడన్న కబురు విన్న రోజు కుర్చీలోంచి లేవలేకపోయినదాన్ని మర్నాడు పొద్దున లేచి వెళ్ళాను. సందు చివర రేకుల కప్పు ఇల్లు. ఆయన కూతురు గుమ్మంలోనే గుర్తుపట్టింది. ఒక బడిలో ఆయాగా పనిచేస్తోందట.

"రండి దీదీ. నాన్న మీ మాట సెప్పని దినం లేదు."

చాప పరిచి కూర్చోబెట్టింది. తల్లి లోపల గదిలో ఉందంది. ఆఖరి రోజులు, దగ్గు, ఆసుపత్రి, అన్నీ మామూలుగా చెప్పింది. నేను వింటున్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "రిటైరయ్యాక మళ్ళీ వేటకు వెళ్ళేవారా?" అని అడిగాను.

"ఏటకా?" అంది. "ఆ దినం తరవాత నాన్న సముద్రంలో కాలెట్టలేదు దీదీ. మా పినతండ్రికి డుంగీ ఉంది. తోయడానికి ఓ సెయ్యెయ్యమంటే కూడా ఎయ్యలేదు. నా పిల్లలెక్కితే ఒడ్డుమీదికి కూడా వొచ్చీవోడు కాదు. నా సేతిలో దోసముంది, మీకు తగుల్తాదనీవోడు."

"ఏం దోషం?"

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. నాకు తెలియదా అన్నట్టు.

"అదే దీదీ, ఆ బిరడా. మీరు సరిగ్గానే ఎట్టినారు కదా. నాన్నే తోసినప్పుడు మోకాలు తగిలి ఊడిపోనాది. ఎన్నిసార్లు సెప్పీవోడో. 'గుంట ఎట్టినానంది. ఆ గుంట మనదే, మనకి అబద్ధమెందుకు సెప్తాది? నా మోకాలే తగిలింది. తడిమి సూడకపోనాను. ముగ్గురు ఆడకూతుళ్ళని, ఆ గుంటని సంపేసీవోణ్ణి' అని. అమ్మ ఎంత సెప్పినా ఇనీవోడు కాదు. మోకాలి మీద కొట్టుకునీవోడు."

ఆయన నన్ను కాపాడలేదు. క్షమించలేదు కూడా. క్షమించడానికి ఆయనకు నా తప్పు తెలియనే తెలియదు. తల తిప్పకుండా నేను అన్న రెండు ముక్కలు నమ్మాడు, అంతే. నమ్మి, ఇన్నేళ్ళూ తన మోకాలిని తిట్టుకున్నాడు. పీటలాంటి పడవను కూడా తోయడానికి తన చేతులు పనికిరావనుకుని, మిగిలిన ఉద్యోగమంతా బకెట్టుతో మొక్కలకు నీళ్ళు పోస్తూ గడిపాడు. నాకు తల ఎత్తడం చేతకాలేదు. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు, నీళ్ళలో పడిన రోజు కూడా.

"అది ఊడిపోలేదమ్మా," అన్నాను. "నేను పెట్టలేదు. మరిచిపోయాను. అది నా జేబులోనే ఉంది. ఆ సాయంత్రమే నాకు తెలుసు."

ఆమె నా చేతులకేసి చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. లేచి లోపలి గుమ్మం దగ్గరకు వెళ్ళింది.

"అమ్మా, ఇటు రా. ఈవిడేదో సెప్తాది, ఇను."

ముసలావిడ గోడ పట్టుకుని వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. కూతురు పక్కన నిలబడింది, సాయం చెయ్యలేదు. అదే మాట రెండోసారి చెప్పాను. మొదటిసారి కంటే కష్టమైంది. బిరడా నా దగ్గరే ఉంచుకున్నానని, పెట్టలేదని, పెట్టానన్నానని, విచారణలో నోరు మూసుకున్నానని, కాలవలో పారేశానని, అన్నీ చెప్పాను. ఆయన మోకాలు దేనికీ తగల్లేదని చెప్పాను. అంతా విన్నాక ఆవిడ అడిగింది.

"ఈ మాట ఆయనికి తెల్దు?"

"తెలీదమ్మా."

"ఇన్నేళ్ళూ నీకు తెలుసును," అందావిడ.